పొందూరు ఖాదీతో వేసవి టాప్: వంద కౌంటు వద్దు, చొక్కా గుడ్డ తీసుకోండి

విశాఖ వేసవిలో ఎండ కంటే ఉక్కపోతే ఎక్కువ బాధపెడుతుంది. గాలిలో తేమ వల్ల చెమట ఆరదు. రేయాన్ టాప్ అయితే తడిసి బరువెక్కి వీపుకి అతుక్కుంటుంది. వదులుగా ఉండే టాప్ ఇంట్లోనే కుట్టుకోవాలనుకునేవాళ్లకి మా మొదటి ఓటు పక్కనే శ్రీకాకుళం జిల్లాలో నేసే పొందూరు ఖాదీకే. చేత్తో వడికిన నూలుకి పురి తక్కువ, మందమూ ఒకేలా ఉండదు. అందుకే గుడ్డలో గాలి ఆడుతుంది, చెమటని పీల్చుకుని ఒంటికి అంటకుండా నిలబడుతుంది.

అయితే పొందూరు అనగానే అందరూ వంద కౌంటు సన్న గుడ్డే అడుగుతారు. కౌంటు అంటే నూలు ఎంత సన్నమో చెప్పే లెక్క, అంకె పెరిగేకొద్దీ నూలు సన్నం. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, అంత సన్నగా నూలు వడకడం నిజంగా గొప్ప పనితనం. ధోవతికీ చీరకీ అది సరే, టాప్‌కి మాత్రం వద్దు. ఒళ్లు కనిపిస్తుంది కాబట్టి లోపల ఇంకో స్లిప్ వేసుకోవాలి, దాంతో చల్లదనం కాస్తా పోతుంది. పైగా చంక దగ్గర లాగుడికి కుట్టు పక్కన పోగులు జరిగి సందులు పడతాయి. చొక్కాలకి అమ్మే మధ్యరకం కౌంటు అడగండి. అరచేయి గుడ్డ కింద పెట్టి చూడండి: వేళ్ల సందులు స్పష్టంగా కనిపిస్తే అది టాప్‌కి మరీ పలచన. ఖాదీ మార్క్ ట్యాగ్ కూడా చూసుకోవాలి. మగ్గం మీద నేసినా నూలు మిల్లుదైతే అది చేనేతే కానీ ఖాదీ కాదు.

ఎంత కొనాలి? ఛాతీ 36 అంగుళాలు, టాప్ పొడవు 28 అనుకుందాం. వదులు కోసం 9 అంగుళాలు కలిపితే చుట్టు 45. కుట్టు మార్జిన్‌తో ముందు ముక్క 24 వెడల్పు, వెనక ముక్క 24. పన్నా (గుడ్డ వెడల్పు) 45 అంగుళాలుంటే రెండూ పక్కపక్కన పట్టవు, ఒకదాని కింద ఒకటి వెయ్యాలి. ఒక్కో ముక్కకి నిలువు 30 చొప్పున 60 అంగుళాలు. పక్కన మిగిలిన పట్టీలో చేతులు వచ్చేస్తాయి. కుంచించుకుపోయేదానితో కలిపి 1.75 మీటర్లు తీసుకోండి. పన్నా 36 మాత్రమే ఉంటే చేతులకి పక్కన చోటు చాలదు, 2.25 మీటర్లు కావాలి. పన్నా అన్ని తానులకీ ఒకేలా ఉండదు, కోయించే ముందే టేపుతో కొలిపించండి.

తడపకుండా కత్తెర పెట్టకండి. రాత్రంతా మామూలు నీళ్లలో నానబెట్టి, ఉతికి, నీడలో ఆరేసి, కాస్త చెమ్మగా ఉండగానే ఇస్త్రీ చెయ్యాలి. ఒక్కసారితో ఆగకుండా రెండోసారీ తడిపితే మిగిలిన కుంచింపు కూడా తేలిపోతుంది. గంజి పూర్తిగా పోయాక గుడ్డ జారుతూ వంకర పోతుంది కాబట్టి, అడ్డంగా ఒక పేక పోగు లాగి, ఆ గీత వెంటే కొయ్యండి.

మెడ వెడల్పు 7, ముందు లోతు 6, వెనక ఒకటిన్నర పెడితే చుట్టు సుమారు 23 అంగుళాలు వస్తుంది. గుండీ లేకుండానే తల పడుతుంది. కోసిన వెంటనే మెడ అంచుకి దగ్గరగా ఒక కుట్టు వేసేయండి, లేకపోతే చేతిలో తిప్పేటప్పుడే సాగి పెద్దదైపోతుంది. తర్వాత ఏటవాలుగా కోసిన ఒకటింపావు అంగుళం క్రాస్ పట్టీతో పైపింగ్ వెయ్యండి.

ఈ గుడ్డకి ఓవర్‌లాక్ (అంచు పోగులు ఊడకుండా మెషిన్‌తో వేసే కుట్టు) ఒక్కటే నమ్ముకోకండి. రెండు ముక్కలూ వెనక వైపులు (వేసుకుంటే ఒంటివైపు ఉండేవి) ఒకదానికొకటి ఆనేలా కలిపి పావు అంగుళంలో కుట్టి, అంచు సగానికి కత్తిరించి, తిప్పి ఇస్త్రీ చేసి, మూడు ఎనిమిదో వంతుల అంగుళంలో మళ్లీ కుట్టండి. పోగులన్నీ లోపలే బందీ అయిపోతాయి. సూది 11వ నంబరు. మోటు గుడ్డకి వాడే 16 నంబరు సూది కన్నాలు మిగులుస్తుంది. కుట్టు దారం సాదా కాటన్ చాలు, టెన్షన్ కాస్త వదులు చెయ్యండి.

చినిగేది దాదాపు ఎప్పుడూ చంక దగ్గరే. అందుకే 4 అంగుళాల చదరపు చంక ముక్క తప్పకుండా వెయ్యండి. స్లిట్ పైకొనలో లోపలివైపు చిన్న అతుకు పెడితే అక్కడా చినగదు.

బీచ్‌కి దగ్గర ఇళ్లలో ఉప్పుగాలికి గుండుసూదులు త్వరగా తుప్పు పడతాయి. తెల్లటి ఖాదీకి వాటిని గుచ్చి రాత్రంతా ఉంచితే మరక పడుతుంది, అది ఉతికినా పోదు. పని ఆపితే సూదులు తీసేయండి. టాప్‌కి గంజి పెట్టకండి. ఈ తేమకి బీరువాలో బూజు పడుతుంది, గాలి ఆడడం కూడా తగ్గుతుంది.

లోపాలున్నాయి. మిల్లులో నేసిన పలచని మల్ కాటన్ కంటే ఖరీదు బాగా ఎక్కువ, ఇస్త్రీ లేకపోతే నలిగినట్టే కనిపిస్తుంది, రోజూ భుజానికి బ్యాగు తగిలించుకునేవాళ్లకి ఆ చోట గుడ్డ త్వరగా అరుగుతుంది. ఇస్త్రీకి ఓపిక లేనివాళ్లు మల్ కాటన్ కొనుక్కోవడమే మంచిది. కుట్టు కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు ముందు పాత దుప్పటి మీద ఇవే కొలతలతో ఒకటి కుట్టి, వేసుకుని చేతులు పైకెత్తి చూసి, చంక సరిపోయాకే ఖాదీ కొయ్యండి. కొనేది అక్టోబరులో అయితే గాంధీ జయంతి రిబేటు ఉందేమో దుకాణంలో అడగండి.