చెరువు గట్ల మీద మెష్, అందులో నెట్‌వర్క్ కోడింగ్: చాలాకాలం వాడాక

భీమవరం వైపు రొయ్యల చెరువుల గట్ల మీద మేం నడిపే వైఫై మెష్‌లో (ఒకదాని డేటాను ఇంకొకటి అందుకుని ముందుకు పంపే రౌటర్ల అల్లికలో) నెట్‌వర్క్ కోడింగ్‌ను, అంటే ప్యాకెట్లనే డేటా ముక్కలను కలిపి పంపే పద్ధతిని, రెండు రకాలుగా వాడాను. ఒకటి లినక్స్‌లోని మెష్ రౌటింగ్ భాగమైన బ్యాట్‌మన్-అడ్వ్‌తో వచ్చింది. రెండోది ర్యాండమ్ లీనియర్ కోడింగ్‌తో మేం రాసుకున్న ఫైల్ పంపిణీ ప్రోగ్రామ్. మొదటిది ఆపేశాను. రెండోది లేకపోతే మాత్రం ఈ మెష్‌ను నడపలేను.

మొదటిదాని ఆలోచన అందంగా ఉంటుంది. మధ్యలో రిలే (అందుకుని ముందుకు పంపే రౌటర్) ఉన్న రెండు నోడ్లు (మెష్‌లోని పరికరాలు) చెరో ప్యాకెట్ ఇచ్చిపుచ్చుకోవాలంటే మామూలుగా నాలుగుసార్లు ప్రసారం చేయాలి. రిలే ఆ రెండింటినీ ఎక్సార్ చేసి (బిట్టుకు బిట్టు కలిపి ఒకటిగా చేసి) ఒకేసారి వదిలితే మూడుతో అయిపోతుంది. ఎవరు పంపింది వాళ్ల దగ్గర ఉంటుంది కాబట్టి అవతలిది విడదీసుకుంటారు. 2006లో ఎంఐటీ పరిశోధకులు కోప్ పేరుతో 20 నోడ్ల మీద చూపించింది ఇదే. 2013లో లినక్స్ 3.10తో బ్యాట్‌మన్‌లోకి వచ్చింది.

అయితే ట్రాఫిక్ ఎదురెదురుగా రావాలి. మా కెమెరా వీడియో, ఆక్సిజన్ రీడింగులు అన్నీ షెడ్డు వైపే పోతాయి. జత దొరుకుతుందేమోనని రిలే ప్యాకెట్‌ను 10 మిల్లీసెకన్ల దాకా ఆపి చూస్తుంది, మా దగ్గర ఆ జత దాదాపు రాదు. పైగా కలిపిన ప్యాకెట్ పేరుకు ఒక నోడుకే వెళ్తుంది, రెండోది పక్కనుంచి వినాలి. మెష్‌లో పాస్‌వర్డ్ పెడితే ప్రతి జతకూ వేరే కీ ఉంటుంది, ఇక విన్నా అర్థం కాదు. రేడియోను ఓపెన్‌గా వదిలి పైన వీపీఎన్ నడపాల్సి వచ్చింది. రెండు వైపులా కాల్స్ ఎక్కువగా నడిచే చోట ఇంత శ్రమకు ఫలితం ఉంటుందేమో, మాకు లేదు.

రెండోదానికి వస్తాను. ఏరేటర్ (నీటిలో గాలి కలిపే యంత్రం) ప్యానెళ్ల దగ్గరున్న నోడ్లన్నిటికీ ఒకే అప్‌డేట్ ఫైల్ పంపాలి. వైఫై బ్రాడ్‌కాస్ట్‌కు (అందరికీ ఒకేసారి పంపేదానికి) ఏక్, అంటే అందిందన్న జవాబు, రాదు, పోయిన ప్యాకెట్ పోయినట్టే. నీటి మీద తగిలి వచ్చే సిగ్నల్ అసలు సిగ్నల్‌ను దెబ్బతీస్తుంది కాబట్టి నష్టం ఒక్కో గట్టుకు ఒక్కోలా ఉంటుంది. ఒకరికి ఏడో ప్యాకెట్ పోతుంది, ఇంకొకరికి పంతొమ్మిదోది. ప్రతి నోడూ తనకు కావాల్సింది అడగడం మొదలుపెడితే ఆ అడగడంతోనే ఛానెల్ నిండిపోయేది. అప్‌డేట్ రోజంటే నాకు టెన్షనే.

ఇప్పుడు 32 ప్యాకెట్లను ఒక గుంపుగా తీసుకుని, యాదృచ్ఛిక గుణకాలతో కలిపిన మిశ్రమాలే వదులుతాం. ఏవైనా 32 స్వతంత్ర మిశ్రమాలు చేరితే నోడు సమీకరణాలు సాధించి మొత్తం తిరిగి పొందుతుంది. ఏ నంబరు పోయిందన్న ప్రశ్నే ఉండదు. కొత్తగా వదిలిన ఒక్క మిశ్రమం ఇద్దరి వేర్వేరు లోటునూ తీరుస్తుంది. నష్టం 20 శాతం ఉంటే సుమారు 40 వదిలితే చాలు. నాకు బాగా నచ్చింది రిలేల పని: డీకోడ్ అయ్యేదాకా ఆగకుండా, అప్పటికి తమకు అందిన మిశ్రమాలనే మళ్లీ కలిపి ముందుకు పంపుతాయి. పోయిన ప్యాకెట్లను తిరిగి రాబట్టే రీడ్-సాలమన్ లాంటి పాత కోడ్‌లతో ఇలా మధ్యలో కలపడం కుదరదు. నాలుగైదు హాప్‌ల (నోడు నుంచి నోడుకు గెంతుల) అవతలి గట్టుకు కూడా ఫైల్ చెక్కుచెదరకుండా అందుతోంది.

గుణకాలు 256 విలువల ఫీల్డ్‌లో (పరిమిత సంఖ్యల సమితిలో) ఒక్కోటి ఒక బైట్‌గా తీసుకుంటే ప్రతి ప్యాకెట్‌కూ 32 బైట్ల అదనపు భారం, 1400 బైట్లలో అది పెద్దదేమీ కాదు. గుణకాలుగా 0, 1 మాత్రమే పెట్టుకుని ఎక్సార్‌తో సరిపెట్టుకుంటే లెక్క తేలికే గానీ సగటున ఒకటి రెండు ప్యాకెట్లు ఎక్కువ పంపాలి. గుంపును 128కి పెంచితే మాత్రం మా చవక రౌటర్ల ప్రాసెసర్లు డీకోడింగ్‌లో చతికిలబడ్డాయి.

వాడదలచుకున్నవాళ్లు ముందు మల్టీకాస్ట్ రేటు (అందరికీ ఒకేసారి పంపే వేగం) చూడండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో అది 1 ఎంబీపీఎస్ దగ్గరే ఉండిపోతే ఏ కోడింగూ కాపాడదు. చెడిపోయిన మిశ్రమం ఒక్కటి లోపలికి వచ్చినా గుంపంతా పాడవుతుంది, అందుకే ప్రతి గుంపుకూ హ్యాష్ (డేటా మారలేదని తేల్చే గుర్తు సంఖ్య) సరిచూశాకే ఫ్లాష్‌లో రాయిస్తాం. రెండు మూడు నోడ్లే ఉన్నవాళ్లకు ఇదంతా అక్కర్లేదు, టీసీపీతో (అందిందో లేదో చూసుకుంటూ పంపే మామూలు పద్ధతితో) ఒక్కోదానికి విడిగా పంపుకుంటే సరిపోతుంది.