పాత పికప్‌తో లంబసింగి, పాడేరు, అరకు: ఎక్కడ బండిలో పడుకోవచ్చు, ఎక్కడ గది తీసుకోవాలి

విశాఖలో పదేళ్లు తిరిగిన పికప్ కొనాలనుకునేవాళ్లు ముందు బానెట్ ఎత్తకండి. నేల మీద పాత గోనె పరుచుకుని బండి కిందికి దూరండి. బీచ్ రోడ్డు వైపో, హార్బర్ వైపో ఏళ్ల తరబడి ఆరుబయట నిలబడ్డ బండిలో ఉప్పు గాలి ముందుగా తినేది చాసిస్‌నీ, కమాన్ కట్టలు (బండి బరువు మోసే స్ప్రింగు పట్టీలు) పట్టుకునే బ్రాకెట్లనీ, వెనక తొట్టి కింది మడతల్నీ. పైన పెయింటు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. చిన్న సుత్తితో తట్టి చూడండి. మంచి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది డొల్లగా పలుకుతుంది. మేం తీసుకున్న 2012 స్కార్పియో గెటవే పికప్‌ని ఇలాగే ఎంచుకున్నాం. ఇంజిన్ ఇంతకంటే నున్నగా నడిచే బండ్లు దొరికాయి గానీ, అడుగు ఇంత గట్టిగా ఉన్నది మరొకటి దొరకలేదు. ఇంజిన్‌ని బాగు చేయించుకోవచ్చు. చాసిస్ పోయిందంటే బండి పోయినట్టే.

మాకు పికప్ మీదికి మనసు పోవడానికి కారణం లంబసింగి. డిసెంబరు, జనవరి నెలల్లో మంచు చూడాలంటే తెల్లారేసరికి కొండ మీద ఉండాలి. శని, ఆదివారాల్లో గదులు దొరకవు. దొరికినా ఆ రేటుకి అవి తగవు. విశాఖలో అర్ధరాత్రి బయల్దేరి, నిద్రమత్తులో ఘాటు ఎక్కడం నాకు అస్సలు ఇష్టం లేదు, పక్కన పిల్ల ఉన్నప్పుడు మరీనూ. మన పడక మన వెంట ఉంటే సాయంత్రం వెలుగుండగానే చేరిపోవచ్చు.

మార్పుల విషయంలో చట్టం గురించి ఒక మాట. మోటారు వాహనాల చట్టం, 1988లో సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడాగా అయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్నే ఖాయం చేసింది. ముందు బంపరుకి బిగించే బుల్ బార్ల మీద 2017 డిసెంబరు నుంచి కేంద్రం నిషేధం ఉంది. అందుకే బండికి వెల్డింగ్ అన్నదే లేకుండా పని చేయించాలని ముందే గట్టిగా అనుకున్నాం. ప్రతిదీ నట్టు, బోల్టు, క్లాంపే. నాలుగు బోల్టులు విప్పితే అది మళ్లీ మామూలు పికప్. పాత బండికి ఇది ఇంకా ముఖ్యం. సొంత బండికి పదిహేనేళ్లు నిండగానే ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవాలి. మా బండికి ఆ గడువు 2027లో వస్తుంది. ఆ రోజు ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడేది కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాంటి బండే కావాలి.

ఆటోనగర్‌లో పని మొదలుపెట్టినప్పుడు నా బుర్రంతా టాప్ మీద వేసే టెంటు చుట్టూ తిరుగుతోంది. మేస్త్రీ బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఏటి సార్, మీదనే యాభై, అరవై కేజీలు పెట్టేత్తారా? ఘాటులో మలుపు తిప్పినప్పుడల్లా ఊగిపోద్ది. బరువంతా కిందకే ఒగ్గీయండి" అన్నాడు. ఆ మాటే మాకు ప్లాన్ అయింది. బరువు ఎంత కిందికి ఉంటే పాత బండికి అంత మంచిది.

డబుల్ క్యాబ్ పికప్‌లో తొట్టి పొడవు ఐదడుగులకి కాస్త అటూ ఇటూ ఉంటుంది. పెద్దవాళ్లెవరూ అందులో కాళ్లు చాపలేరు. ఐమూలగా ఒకరికి సరిపోతుంది గానీ ఇద్దరికి కుదరదు. అందుకని డాలా, అంటే తొట్టి వెనక తలుపు, దించి దాన్ని కూడా మంచంలో కలుపుకున్నాం. చక్రాల గూళ్ల ఎత్తుకి సరిసమానంగా 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ పరిచాం. చివర పియానో కీలుతో ఒక రెక్క ఉంటుంది. పగలు అది వెనక్కి మడిచి ఉంటుంది, రాత్రి డాలా మీద వాలుతుంది. తలలు క్యాబ్ వైపు, కాళ్లు డాలా మీద. డాలా గొలుసుల మీద ఒళ్లు బరువు పడకూడదు, కాళ్ల బరువు వరకే. ప్లైవుడ్ కింద, గూళ్ల మధ్య మిగిలిన జాగాలో రెండు పొడవాటి సొరుగులు. ఎడమ దాంట్లో స్టవ్వు, గిన్నెలు. కుడి దాంట్లో జాకీ, తాడు, గాలి కొట్టే కంప్రెసర్, పంక్చర్ కిట్టు. పాప వెనక సీటు మీద పడుకుంటుంది. ఆ సీటు ఆమెకి సరిగ్గా సరిపోతుంది.

పైకప్పుకి ఫైబర్ కెనపీ వేయిద్దామని ధరలు కనుక్కుని వెనక్కి తగ్గాం. దాని బదులు అంగుళం జీఐ పైపుతో ఒక చట్రం చేయించి తొట్టి అంచులకి క్లాంపులతో బిగించాం. లారీలకి టార్పాలిన్ కుట్టే ఆయన చేతే దీనికీ కుట్టించాం. ఆయన దగ్గర చూసిన ఒక పనితనం ఇక్కడ చెప్పాలి. చట్రం మధ్య పైపుని రెండంగుళాలు పైకి లేపమన్నాడు, వాన నీళ్లు నిలవకుండా జారిపోవడానికి. కుట్టుపడే ప్రతిచోటా గుడ్డని రెండు మడతలు వేసి, కుట్టు మీద మైనం రుద్దాడు. వెనక తెర డాలాని కూడా కప్పుకుని కిందికి దిగేలా కొలత తీశాడు. పక్కల రెండు కిటికీలకి దోమతెర. ఆ దోమతెర సోకు కోసం కాదు. మన్యంలో మలేరియా మాట మరిచిపోకూడదు.

లైటు, చిన్న ఫ్యాను, ఫోన్ల ఛార్జింగుకి 100 ఆంపియర్-అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఒకటి పెట్టాం. ట్యూబులర్ బ్యాటరీ అయితే మోయలేనంత బరువు, పైగా సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. లిథియం దాదాపు 12 కేజీలు, అందులో ఉన్న 1,280 వాట్-అవర్లలో చాలా భాగం వాడుకోవచ్చు. పదిహేను వాట్ల ఫ్యాను రాత్రంతా తిరిగినా అందులో పదో వంతే ఖర్చు. దీన్ని బండి బ్యాటరీతో నేరుగా కలపొద్దు, మధ్యలో డీసీ-డీసీ ఛార్జర్ (బండి బ్యాటరీ నుంచి దీనికి సరైన మోతాదులో కరెంటు పంపే పరికరం) ఉండాలి. ఫ్రిజ్ పెట్టలేదు. ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపలకి వాడే మందపాటి ఐస్ పెట్టె దొరుకుతుంది. పాలు, పెరుగు, కూరగాయలు అందులో బాగానే నిలుస్తాయి.

కంటికి కనపడని పనులకే ఎక్కువ డబ్బు పోయింది, పోనివ్వాలి కూడా. కమాన్ల బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు, బ్రేక్ షూలు, బ్రేక్ ఆయిల్, కూలెంట్ గొట్టాలు, కొత్త టైర్లు. కమాన్ కట్టలో అదనంగా ఒక పట్టీ వేయిద్దామా అనుకున్నాం గానీ, సామానుతో బండిని కాటా వేయించి చూస్తే అవసరం లేదని తేలింది. ఖాళీగా తిరిగేటప్పుడు ఆ పట్టీ నడుం విరగ్గొడుతుంది.

ఇక దారి. ఎన్‌హెచ్ 16 మీద అనకాపల్లి దాటి, తాళ్లపాలెం దగ్గర కుడివైపు నర్సీపట్నానికి తిరగాలి. డీజిల్ నర్సీపట్నంలోనే నింపుకోండి. టిఫిన్ కూడా అక్కడే కానివ్వడం మేలు. తర్వాత ఘాటులో రెండో గేరు, మూడో గేరు మీద నింపాదిగా ఎక్కితే పాత బండికి కూడా వేడి ముల్లు కదలదు. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కారో అదే గేరు. బ్రేకు మీద కాలు వేసి ఉంచితే కిందికి వచ్చేసరికి వాసన కొడుతుంది.

ఈ దారిలో పోలీసు తనిఖీ తప్పదు, గంజాయి రవాణా వల్ల. వెనక టార్పాలిన్ కప్పిన పికప్‌ని ఆపకుండా ఎందుకు వదులుతారు? వదలకూడదు కూడా. మా సొరుగులకి తాళాలు పెట్టించలేదు, లాగితే వచ్చేస్తాయి. కాగితాలు డ్యాష్‌బోర్డులో పైనే ఉంటాయి. ఆపిన చోటల్లా మర్యాదగానే మాట్లాడారు. ఒక కానిస్టేబుల్ అయితే పరుపు ఎత్తి చూసి, ప్లైవుడ్ ఎక్కడ కొన్నారని అడిగాడు. చీకటి పడ్డాక ఇలాంటి బండితో తిరగడం మాత్రం మానుకోండి.

లంబసింగిలో రెండు రకాల బసా చూశాం. ఒకటి, డబ్బు కట్టి టెంట్ల మధ్య బండి పెట్టుకునే చోటు. పేరెందుకు గానీ, అక్కడ అర్ధరాత్రి దాకా స్పీకర్లు మోగాయి. అంతమందికీ ఉన్న మరుగుదొడ్లు ఏ మూలకీ చాలవు. పక్క టెంటులోవాళ్లు పరుపు చెమ్మగా ఉందని తెల్లవార్లూ కూర్చున్నారు. రెండోది ఒక రైతు ఇంటి పెరడు. అడిగితే ఒప్పుకున్నారు. బాత్రూమ్ వాడుకోనిచ్చారు, కట్టెల పొయ్యి మీద కాగిన నీళ్లు బకెట్లతో ఇచ్చారు, పొద్దున్నే చోడి (రాగి) అంబలి పోశారు. ఆ ఇంటి పెద్దామె వచ్చి, "బాబూ, గడ్డి దగ్గర మంట ఎయ్యకండి, రాత్రి గాలి తిరుగుద్ది" అని చెప్పి వెళ్లింది. వాళ్లు అడిగింది తక్కువ, మేం ఇచ్చింది కాస్త ఎక్కువ. మా ఓటు నిస్సందేహంగా పెరటికే. రిజర్వు ఫారెస్టులో మాత్రం అనుమతి లేకుండా బండి ఆపి పడుకోకండి. అది నేరం, పైగా మంట పెడితే అడవికే చేటు.

చలి సంగతి. ఐదు డిగ్రీల లోపుకి దిగే రాత్రులుంటాయక్కడ. చలికి భయపడి కిటికీలన్నీ మూసేస్తే ఇద్దరి ఊపిరి ఆవిరంతా టార్పాలిన్ లోపలివైపు నీటి బొట్లై, తెల్లవారుజామున ముఖం మీద పడుతుంది. ఎదురెదురు కిటికీలు నాలుగు వేళ్ల మేర తెరిచి ఉంచితే ఆ బాధ ఉండదు. లోపల స్టవ్వు వెలిగించడం, వేడి కోసం ఇంజిన్ ఆన్‌లో ఉంచి నిద్రపోవడం ప్రాణానికే ముప్పు. వాటి నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. మేం వాడే ఐదు కేజీల సిలిండర్‌ని రాత్రి కిందికి దించి, బండికి దూరంగా నిలబెడతాం.

లంబసింగి దగ్గరి చెరువులవేనం కొండ మీద పాలసముద్రంలా పరుచుకున్న మబ్బుల్ని చూడటానికి తెల్లారకముందే నడక మొదలుపెట్టాలి. మనం కొండ మీదే నిద్ర లేచి ఉంటే అది సులువు. అక్కడినుంచి తాజంగి రిజర్వాయరు దగ్గరే. చింతపల్లి మీదుగా పాడేరు వైపు వెళ్తూ కొత్తపల్లి జలపాతం దగ్గర ఆగొచ్చు, పిల్లలుంటే రాళ్ల మీద జాగ్రత్త. వంజంగి పాడేరుకి దగ్గర్లోనే ఉంది. బండి వెళ్లినంత దూరం వెళ్లి, మిగిలింది నడవాలి. మబ్బుల విషయంలో వంజంగి ఒక మెట్టు పైనే అంటాను, జనం విషయంలోనూ అంతే. కొండ మీద ప్లాస్టిక్ సీసాలు చూస్తే కడుపు తరుక్కుపోయింది. మేం ఒక గోనె నింపుకుని కిందికి తెచ్చాం. ప్రతి బండీ ఒక్క గోనె తెస్తే చాలు.

పాడేరు నుంచి అరకు దాకా 516ఈ జాతీయ రహదారి. అరకులో మాత్రం బండిలో పడుకోకండి, గది తీసుకోండి. ఊళ్లో రద్దీ, బండి ఆపే చోట దుమ్ము, తెల్లవార్లూ బస్సులు. రాష్ట్ర పర్యాటక సంస్థ (ఏపీటీడీసీ) హోటల్ హరితలో గది ముందుగా బుక్ చేసుకుంటే వేడినీళ్ల స్నానం, బట్టలు ఆరేసుకోవడం, బ్యాటరీ ఛార్జింగ్ అన్నీ ఒకేసారి తీరతాయి. నా లెక్కలో అనంతగిరి హరిత ఇంకా మేలు. లోయ కనిపిస్తుంది, చుట్టూ కాఫీ తోటలు, సిల్వర్ ఓక్ చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు. నవంబరు నుంచి జనవరి మధ్య వెళ్తే కాఫీ పళ్లు ఎర్రగా పండి ఉంటాయి. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. గిరిజన సహకార సంస్థ దుకాణంలో పొడి కొనుక్కుంటే నమ్మకం. టైడాలోని జంగిల్ బెల్స్ రిసార్టులో చెక్క కాటేజీలు పిల్లలకి బాగా నచ్చుతాయి. బొర్రా గుహలకి పొద్దున్నే వెళ్లండి, పదకొండు దాటితే లైన్లు.

విశాఖ బీచ్‌ల మాటేమిటని స్నేహితులు అడుగుతుంటారు. రుషికొండ గానీ, భీమిలి గానీ, యారాడ గానీ, పగటిపూట వెళ్లి రావడానికే. రాత్రి ఉక్కపోతకి టార్పాలిన్ కింద ఫ్యాను కూడా ఏమీ చేయలేదు. ఇసుకలోకి బండి దించనే దించొద్దు. శీతాకాలం చివరినుంచి వేసవి మొదటిదాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఈ తీరంలో గుడ్లు పెడతాయి. టైరు కింద ఆ గూళ్లు నలిగిపోతాయి, హెడ్‌లైట్ల వెలుగుకి పిల్లలు సముద్రం దిక్కు తప్పి రోడ్డు వైపు వస్తాయి. ఎర్రమట్టి దిబ్బల మీద కూడా బండి ఎక్కించకండి. వానకి, గాలికి ఇప్పటికే కోసుకుపోతున్న నేల అది.

ఈ చుట్టు తిరగడానికి నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వానాకాలంలో ఘాటు మీద చరియలు పడతాయి, పాత బండితో ఆ టెన్షన్ అక్కర్లేదు. సెలవు పెట్టుకోగలిగితే ఆదివారం సాయంత్రం, అందరూ కిందికి దిగేటప్పుడు మీరు పైకి ఎక్కండి. సోమవారం పొద్దున చెరువులవేనంలో మీకు కావలసినంత చోటు దొరుకుతుంది.