కారు టైర్లు కొంటున్నారా? తయారీ తేదీ చెప్పే ఆ నాలుగు అంకెలు చూడందే బిగించనివ్వకండి

నాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదని రాస్తున్నాను. కాస్త పెద్ద పోస్టే, అయినా టైర్లు మార్చే ఆలోచనలో ఉంటే మొత్తం చదవండి.

2025 సంక్రాంతికి కాస్త ముందు, కారు ముందు టైర్లు రెండూ గుండు అయిపోయాయని విజయవాడలో ఒక షాపులో కొత్తవి వేయించాను. పండగ రద్దీ. "ఫ్రెష్ స్టాక్ సార్, నిన్ననే దిగింది" అన్నారు. నేను కాఫీ తాగి వచ్చేలోపే బిగించేశారు. ఎలైన్‌మెంట్ (చక్రాలు తిన్నగా ఉండేలా సరిచేయడం) కూడా చేసేశామన్నారు. అంతా కలిపి పావుగంట కూడా పట్టలేదు. త్వరగా అయిపోయిందని సంతోషించాను కూడా.

రెండో వారం నుంచే స్టీరింగ్ ఎడమకి లాగడం మొదలైంది. వెళ్లి అడిగితే, "రోడ్డు వాలు సార్, అన్ని కార్లూ అంతే" అన్నారు. నమ్మేశాను. ఉద్యోగం హైదరాబాద్‌లో, ఇల్లు విజయవాడలో కాబట్టి ప్రతి వారం 65వ నంబరు హైవే మీద రానూ పోనూ 540 కిలోమీటర్ల దాకా తిరుగుతాను. అలా నాలుగు నెలలు నడిపాను.

మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. సూర్యాపేట దాటి కోదాడ వైపు వస్తుంటే ముందు ఎడమ టైరు పేలింది. వెనక సీట్లో అమ్మ, మా పాప ఉన్నారు. స్పీడు ఎనభై దగ్గర ఉంది. బ్రేకు తొక్కకుండా స్టీరింగ్ రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటర్ మెల్లగా వదిలాను. కారు దానంతటదే నెమ్మదించి రోడ్డు పక్కకి ఆగింది. ఎడమ పక్కన ఆ క్షణంలో లారీ లేదు. ఇప్పటికీ అదే తలచుకుంటాను.

స్టెప్నీ వేసుకుని కోదాడలో పంక్చర్ షాపుకి వెళ్లాను. అక్కడి పెద్దాయన పేలిన టైరు లోపలి వైపు గుడ్డతో తుడిచి, "ఇది కొత్త టైరని ఎవరు చెప్పారు సార్?" అని ఒక చోట వేలు పెట్టి చూపించారు. అక్కడ 3120 అని ఉంది. అంటే తయారైంది 2020లో 31వ వారం, జులై ఆఖరు. నేను కొనేనాటికే దాదాపు నాలుగున్నరేళ్ల పాతది! ఐదేళ్లు దాటిన టైర్లను ఏటా చెక్ చేయించమని చాలా కంపెనీలే చెబుతాయి. నాకు కొత్త ధరకి అమ్మింది ఆ వయసుకి దగ్గరపడ్డ టైరు.

ఈ తేదీ చాలా టైర్లకి ఒక పక్కే ఉంటుంది. ఆ పక్క లోపలికి వచ్చేలా బిగిస్తే బయట నుంచి కనపడనే కనపడదు. కాబట్టి బిగించక ముందే చూడాలి. మొదటి రెండు అంకెలు వారం, తర్వాతి రెండు సంవత్సరం. ఫోన్‌లో ఫొటో తీసుకుని, ఆ అంకెలు బిల్లు మీద కూడా రాయించుకోండి. నా బిల్లులో "టైరు 2" అని తప్ప ఏమీ లేదు.

తర్వాత ఆయన మిగిలిన ముందు టైరు చూపించి, లోపలి అంచు మీద చెయ్యి పెట్టి చూడమన్నారు. వేలికి సన్నటి తీగ గుచ్చుకుంది. బయట నుంచి చూస్తే టైరు మీది గాడులన్నీ బాగానే ఉన్నాయి. లోపల మాత్రం రబ్బరు అరిగి తీగలు తేలాయి. తొమ్మిది వేల కిలోమీటర్లకే! చక్రాల ముందు భాగాలు బయటికి విచ్చుకుని ఉంటే రెండు టైర్లూ ఇలాగే లోపలి అంచున అరిగిపోతాయట.

మర్నాడు వేరే చోట ఎలైన్‌మెంట్ చేయించాను. అక్కడ ముందు కారు పైకెత్తి చక్రాన్ని రెండు చేతులతో ఊపి చూశారు. ఎడమ టై రాడ్ ఎండ్ (స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కీలు) వదులైపోయింది. అది మార్చకుండా ఎంత సరిచేసినా నిలవదన్నారు. మార్చాకే మెషీన్ పెట్టి, చేయకముందు రీడింగ్, చేసిన తర్వాత రీడింగ్ రెండూ ఉన్న ప్రింటు ఇచ్చారు. మొదటి షాపువాళ్లు నాకు ఏ కాగితమూ ఇవ్వలేదు. నేనూ అడగలేదు. మీరు అడగండి, ఇవ్వకపోతే డబ్బులు ఇవ్వకండి.

"క్యాంబర్ కూడా చేయాలి" అని ఎక్స్‌ట్రా అడిగితే ఆగండి. క్యాంబర్ అంటే చక్రం పైభాగం లోపలికో బయటికో వాలి ఉండటం. మనం ఎక్కువగా వాడే చిన్న కార్లలో ముందు చక్రాలకి మామూలుగా సర్దేది టో (చక్రాల ముందు భాగాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం) ఒక్కటే. క్యాంబర్ పేరుతో కొన్ని చోట్ల జాకీ పెట్టి స్ట్రట్‌నే (చక్రం దగ్గరుండే సస్పెన్షన్ భాగం) వంచేస్తారు. అది ఒప్పుకోకండి.

గాలి ఎంత ఉండాలో డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉంటుంది. బండి చల్లగా ఉన్నప్పుడే చూసుకోండి. ఎండలో గాలి తక్కువున్న టైరు ఇంకా వేడెక్కుతుంది.

పాత షాపుకి టైర్లు పట్టుకెళ్తే, "తేదీ చూసుకోవాల్సింది మీరే" అన్నారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. ఆ రెండు టైర్లూ ఇంట్లో మేడ మెట్ల కింద అలాగే దాచి ఉంచాను. విచారణకి పిలిస్తే తీసుకెళ్లి చూపిస్తాను.