ఊళ్లు తిరిగే నర్సులకి వ్యాక్సిన్ క్యారియర్, ఏడాది వాడాక నా మాట

ఏడాదిగా ఈ డబ్బా భుజాన వేసుకుని ఊరూరా తిరుగుతున్నా. నాలుగు ఐస్ ప్యాకులు పెడితే లోపల 2 నుంచి 8 డిగ్రీల మధ్య బాగానే నిలబడుతుంది, మూత కూడా బిర్రుగా పడుతుంది, కానీ ప్యాకులు ఫ్రీజర్లోంచి తీసి నేరుగా పెట్టేయకండి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు రావాలి, లేదంటే హెపటైటిస్ బి, టెటనస్ వ్యాక్సిన్లు గడ్డకట్టి పాడైపోతాయి. బెల్టు మాత్రం దారుణం. వాగు దాటుతుంటే కుట్టు ఊడింది, డబ్బా గుండెలకి హత్తుకుని నడిచా, అవతల తల్లులు పిల్లల్నెత్తుకుని పొద్దున్నుంచీ కూర్చునున్నారు మరి, నేను వెనక్కెళ్లిపోతే పని మానుకుని మళ్లీ ఎంతమంది వస్తారు? డబ్బాకి నాలుగు స్టార్లు, బెల్టుకి ఒక్కటే. కొనేముందు కుట్టు రెండు వరసలుందో లేదో లాగి చూడండి.