పన్ను లెక్కలో తేడా ఉందన్న సందేశాలకు జవాబు: ఏఐఎస్ వాడకంపై నా సమీక్ష

గుంటూరు బ్రాడీపేటలో మా బంధువర్గంలోని పెన్షనర్ల ఆదాయపు పన్ను రిటర్నులు దాఖలు చేసే పని నాదే కావడంతో, 2021 నవంబరులో వార్షిక సమాచార నివేదిక, అందరూ ఏఐఎస్ అనేది, ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లోకి వచ్చినప్పటి నుంచీ దాన్ని ఏటా వాడుతున్నాను. పన్ను జమలు చూపే 26ఏఎస్ పత్రంలో ప్రధానంగా టీడీఎస్ (చెల్లింపు సమయంలోనే కోసిన పన్ను) వివరాలే ఉంటాయి. ఏఐఎస్‌లో పన్ను కోత పడని సేవింగ్స్ వడ్డీ, డివిడెండ్లు, షేర్ల అమ్మకాలు కూడా కనిపిస్తాయి. అందువల్ల, రిటర్నులో చూపిన ఆదాయానికీ శాఖ దగ్గరున్న సమాచారానికీ పొంతన లేదన్న సందేశం శాఖ నుంచి రాగానే ముందు తెరవవలసింది ఇదే.

ఎక్కువగా తేడా వచ్చేది ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ దగ్గరే. "15హెచ్ ఇచ్చేశాం కదా, ఇంకా వడ్డీ చూపడమేమిటి?" అని మా బాబాయిగారి లాంటి పెద్దలు ఇప్పటికీ అడుగుతారు. వడ్డీపై పన్ను కోయవద్దని సీనియర్ సిటిజన్లు బ్యాంకుకిచ్చే ఆ ఫారం టీడీఎస్ కోతను ఆపుతుందే తప్ప వడ్డీని ఆదాయం కాకుండా చేయదు. పాత పన్ను విధానంలో ఉన్న సీనియర్ సిటిజన్లకు 80టీటీబీ సెక్షన్ కింద 50,000 రూపాయల వరకు మినహాయింపు దొరుకుతుంది గానీ, అదైనా వడ్డీని ముందు ఆదాయంలో చూపిన తరువాతే.

ఏఐఎస్‌లో నాకు బాగా నచ్చింది ప్రతి పద్దు పక్కనా ఉండే ఫీడ్‌బ్యాక్ సదుపాయం. సమాచారం సరైనదనో, వేరే పాన్‌కు లేదా వేరే సంవత్సరానికి చెందినదనో, రెండుసార్లు నమోదైందనో ఎంచుకోవచ్చు. ఆ అభ్యంతరం సమాచారమిచ్చిన సంస్థకు ఎంతవరకు చేరిందో 2024 మే నుంచి తెర మీదే చూపిస్తున్నారు. అయితే సంస్థ ఒప్పుకోకపోతే అంకె మారదు. మా అత్తయ్యగారి ఉమ్మడి డిపాజిట్ విషయంలో ఒక బ్యాంకు, మొదటి పేరున్నవారి పాన్‌కే మొత్తం వడ్డీ వేస్తామని తేల్చి చెప్పింది. సొమ్ము ఎవరిదో చూపే పాస్‌బుక్ పేజీలు దగ్గర పెట్టుకోవడమే అక్కడ మిగిలిన దారి.

ఫీడ్‌బ్యాక్ ఇచ్చినంత మాత్రాన సందేశానికి జవాబిచ్చినట్టు కాదని కూడా గమనించాలి. వడ్డీ, డివిడెండ్ తేడాలకు శాఖవారి కంప్లయన్స్ పోర్టల్‌లోనే జవాబిచ్చే వీలును 2024 ఫిబ్రవరిలో కల్పించారు. ఆ సందేశం నోటీసు కాదనీ, పత్రాలు జతచేయనక్కరలేదనీ అప్పుడే స్పష్టం చేశారు. నిజమైన నోటీసైతే దాని మీద డిన్ అనే పత్ర గుర్తింపు సంఖ్య ఉంటుంది, దాన్ని పోర్టల్‌లో సరిచూసుకోవచ్చు. ఎస్సెమ్మెస్‌లో వచ్చిన లింకు నొక్కడం కన్నా ఇదే క్షేమం.

మిర్చి రైతుల సంగతి వేరు. సేవింగ్స్ ఖాతాలో ఏడాదికి 10 లక్షలు, ఆపైన నగదు జమైతే బ్యాంకు ఆ సమాచారం పంపుతుంది, అది ఏఐఎస్‌లోకి ఎక్కుతుంది. వ్యవసాయాదాయానికి పన్ను లేకపోయినా ఆ నగదు పంట సొమ్మేనని చూపవలసింది రైతే కనుక, మిర్చి యార్డులో ఇచ్చిన తక్‌పట్టీలను (అమ్మకపు లెక్క చీటీలను) భద్రపరచుకోమని వారికి గట్టిగా చెబుతాను.

వడ్డీ నిజంగానే రిటర్నులో వదిలేసి ఉంటే వాదనకు దిగడం దండగ. సవరించిన రిటర్ను గడువు దాటితే అప్‌డేటెడ్ రిటర్ను వేయాలి. అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక 12 నెలల్లోపైతే పన్ను, వడ్డీల మొత్తంపై 25 శాతం, 24 నెలల్లోపైతే 50 శాతం అదనంగా కట్టవలసి వస్తుంది. 2025లో ఈ గడువును 48 నెలలకు పెంచారు గానీ, చివరి ఏడాదిలో ఆ భారం 70 శాతానికి చేరుతుంది.