మా ఏఆర్‌టీ సెంటర్: మందులకు తిరుగులేదు, పెద్దవయసు వాళ్లకు మాత్రం తిప్పలే

దేశంలో హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు వైరస్‌ను అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం 2004 ఏప్రిల్‌లో మొదలైంది. నేను 2006లో చేరాను. టైలరింగ్ చేసుకుని బతికినదాన్ని, ఇప్పుడు అరవై దాటాయి. మా పెద్దాసుపత్రి సెంటర్ గురించి రాస్తున్నాను. ఊరి పేరు చెప్పను, నా సంగతి మా వీధిలో ఎవరికీ తెలియదు.

అప్పట్లో ఇచ్చిన మందుల్లో స్టావుడిన్ ఉండేది. ప్రాణం నిలబెట్టింది కానీ బుగ్గలు లోపలికి పోయాయి, అరికాళ్లు తిమ్మిరెక్కాయి. మిషన్ తొక్కుతుంటే కాలు పెడల్ మీద ఉందో లేదో తెలిసేది కాదు. ఆ తిమ్మిరి ఇప్పటికీ ఉంది, పైగా షుగర్ తోడైంది. ఇప్పుడిచ్చే టీఎల్‌డీ రోజుకు ఒకటే బిళ్ళ. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ అందులోనే ఉంటాయి. రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనిపించడం లేదనే వస్తోంది. మూడు నెలల మందు ఒకేసారి చేతికిస్తున్నారు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అదెంత మేలో చెప్పలేను.

ఫార్మసీలో ఉండే అమ్మాయిని మెచ్చుకోవాలి. "పెద్దమ్మా, బయట వాడే మందులన్నీ చూపించండి" అని సంచి తీయిస్తుంది. ఎముకల డాక్టర్ రాసిన కాల్షియం బిళ్ళను టీఎల్‌డీతో కలిపి ఖాళీ కడుపున వేసుకుంటే మందు సరిగా ఒంటికి పట్టదని, కలిపి వేసుకోవాలంటే అన్నం తిన్నాకే వేసుకోవాలని ఆమే చెప్పింది. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ కూడా డోలుటెగ్రావిర్‌తో రక్తంలో ఎక్కువవుతుందట. మామూలుగా రోజుకు 1000 మిల్లీగ్రాములు దాటనివ్వరని, షుగర్ డాక్టర్‌కు చూపించమని చీటీ రాసిచ్చింది. ఆ చీటీ చూసేదాకా అక్కడి డాక్టర్‌కు నేను ఏ మందులు వాడుతున్నానో తెలియదు.

నా బాధంతా ఇక్కడే. వైరస్‌కు ఒక గది, షుగర్‌కు ఇంకో బిల్డింగు, బీపీకి వేరే లైను, ఎముకలకు వేరే రోజు. టెనోఫోవిర్ కిడ్నీలకు, ఎముకలకు ఇబ్బంది చేయొచ్చు. డోలుటెగ్రావిర్‌తోనేమో కిడ్నీ బాగానే ఉన్నా, కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్షలో కాస్త ఎక్కువ చూపిస్తుంది. ఏది దేనివల్లో కూర్చుని చూసే డాక్టర్ ఒక్కరుంటే ఎంత టెన్షన్ తగ్గేది! వారంలో ఒక్క పూట, యాభై దాటినవాళ్లకు ఇవన్నీ సెంటర్‌లోనే చూడమని అడుగుతున్నాను. మాలాంటివాళ్లు ఇక్కడ ఏటా పెరుగుతూనే ఉన్నారు.

ఒక ఓపీలో నా గ్రీన్ బుక్ (ఏఆర్‌టీ సెంటర్‌లో ఇచ్చే నా చికిత్స పుస్తకం) తెరిచి, లైనంతా వినేలా పైకి చదివారు. 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం ప్రకారం మన అనుమతి లేకుండా మన సంగతి బయటపెట్టకూడదు. ఇది మా కౌన్సిలర్‌కు చెబితే వెంటనే పై డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. తర్వాత ఆ గదిలో ఆ పద్ధతి మారింది.

కౌన్సిలర్ గురించి ఇంకో మాట చెప్పాలి. వయసు మీదపడ్డాక ఆసుపత్రికి తోడు కావాలి. తోడొస్తే సంగతి తెలిసిపోతుంది. రేపు మంచాన పడితే నా బిళ్ళ ఎవరందిస్తారన్న దిగులు నన్ను ఏళ్ల తరబడి తినేసింది. మావాడికి చెప్పాలని ఉన్నా నోరు పెగిలేది కాదు. ఆ పిల్ల తొందరపెట్టలేదు. నేను సరేనన్నాకే వాడిని పిలిపించి, నా పక్కన కూర్చోబెట్టి చెప్పింది. మనవరాలిని ఎత్తుకున్నా, ఒకే కంచంలో తిన్నా ఏమీ కాదని వాడు అడగకముందే వివరించింది. వాడు కాసేపు ఏడ్చి, "అమ్మా, ఇన్నాళ్లూ ఒక్కదానివే వచ్చావా" అన్నాడు. ఇప్పుడు బండి మీద వాడే తీసుకొస్తున్నాడు.

మందులకు, మనుషులకు ఐదుకు ఐదు. మిగతా జబ్బుల ఏర్పాటుకు రెండే ఇస్తాను. సోమవారం రద్దీ ఎక్కువ, మిగతా రోజుల్లో వెళ్లండి. గ్రీన్ బుక్‌తో పాటు షుగర్, బీపీ, గ్యాస్ మందుల అట్టలన్నీ పట్టుకెళ్లండి. ఇంకా చేరనివాళ్లు, ఎక్కడికి వెళ్లాలో తెలియనివాళ్లు హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.