శరణార్థుల కోసం నెలనెలా విరాళం: డబ్బు లెక్క బాగుంది, మనుషుల్ని చూపించే తీరే బాగాలేదు

శరణార్థుల కోసం నెలనెలా విరాళం కట్టే స్కీముకి ఐదుకి రెండున్నర మార్కులు ఇస్తున్నాను. నెల్లూరు ట్రంకు రోడ్డులో మెడలో ఐడీ కార్డు, చేతిలో ట్యాబ్ పెట్టుకుని ఆపే కుర్రవాళ్ళ దగ్గర నాలాగే ఈ స్కీములో చేరినవాళ్ళు చాలామంది ఉంటారు, చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ళూ ఉంటారు. వాళ్ళ కోసం రాస్తున్నాను. సంస్థ పేరు మాత్రం రాయను.

ముందు డబ్బు సంగతి. నెలకి ఐదొందలు, ఆటో డెబిట్. రసీదు వెంటనే మెయిల్‌కి వస్తుంది, విరాళానికి ఆదాయపు పన్నులో మినహాయింపు ఇచ్చే 80జీ సెక్షన్‌కి కావలసిన 10బీఈ సర్టిఫికెట్ కూడా అడక్కుండానే పంపారు. కొత్త పన్ను విధానంలో ఉంటే ఆ మినహాయింపు రాదు, ఈ మాట చేర్పించేటప్పుడు ఎవరూ చెప్పరు కాబట్టి మీరే చూసుకోండి. ఫోన్ చేస్తే మర్యాదగా మాట్లాడతారు. ఇక్కడివరకు వంక పెట్టను.

నా బాధంతా వాళ్ళు పంపే ఫొటోలూ వీడియోలతోనే. క్యాలెండర్ తీసినా, మెయిల్ తెరిచినా, వాట్సాప్‌లో వీడియో చూసినా గుడారం ముందు చంటిబిడ్డని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న తల్లే, ఆమె అంతకుముందు ఏం చదివింది, ఏం పని చేసేది, ఇరవై ముప్పై ఏళ్ళుగా ఆ క్యాంపులో ఇల్లు ఎలా నెట్టుకొస్తోంది అన్నది ఒక్క ముక్క ఉండదు, మీ సాయం కోసం ఎదురుచూస్తోంది అని మాత్రం ఉంటుంది. క్యాలెండర్ గోడకి తగిలిస్తూ మా అమ్మ "వీళ్ళ మొగోళ్ళంతా ఏడికి పోయినారు?" అని అడిగింది. ఆ ప్రశ్నకి సంస్థ పంపినవాటిలో ఎక్కడా జవాబు దొరకలేదు.

శరణార్థుల్లో మహిళలు, పిల్లలే ఎక్కువ అని ప్రతి మెయిల్లో రాస్తారు. అబద్ధం కాదు. కానీ ఆడవాళ్ళు దాదాపు సగం ఉన్నచోట మగపిల్లల్ని కూడా వాళ్ళతో కలిపి లెక్కేస్తే ఎక్కడైనా అంతే వస్తుంది, మన నెల్లూరులో లెక్కేసినా వాళ్ళే ఎక్కువ ఉంటారు. మిగిలిన మగవాళ్ళు ఆ లెక్క చాటున కనపడకుండా పోతున్నారు.

చెన్నై వెళ్ళే రైల్లో తడ దాటాక గుమ్మిడిపూండి వస్తుంది కదా, అక్కడ శ్రీలంక తమిళుల క్యాంపు ఉంది. 1983 నుంచి తమిళనాడుకి వచ్చినవాళ్ళలో, వాళ్ళ పిల్లల్లో చాలామంది మగవాళ్ళు పెయింటింగ్ పనితో కుటుంబాల్ని పోషిస్తున్నారు, దూరం ఊరికి పనికి పోయినా క్యాంపులో హాజరు తీసే రోజుకి వెనక్కి రావాలి. ఇక్కడే పుట్టి, ఇక్కడే చదువుకుని, పెళ్ళిళ్ళయినా చాలామందికి పౌరసత్వం లేదు. మనకి ఇంత దగ్గర్లో ఉన్న ఈ బతుకు ఏ క్యాలెండర్లోనూ కనపడదు. కెన్యాలో కకుమా క్యాంపు 1992 నుంచి ఉంది, అక్కడ రెండు వేలకు పైగా వ్యాపారాలు నడుస్తున్నాయని ప్రపంచ బ్యాంకు గ్రూపులోని ఐఎఫ్‌సీ 2018లో చెప్పింది. ఆ దుకాణాల్లో ఆడవాళ్ళు నడిపేవీ ఉన్నాయి. ఆ దుకాణం గల్లా దగ్గర కూర్చున్న ఆమె ఫొటో పంపితే నేను విరాళం మానేస్తానా? ఇంకో వంద పెంచుతాను.

ఫొటోలే కదా, పోనీలే అనుకోవడానికి లేదు. క్యాంపులో కదలకుండా కూర్చున్న తల్లే సాయానికి తగినది అని ఏళ్ళ తరబడి చూపిస్తే, సరిహద్దు దాటి పని వెతుక్కునే కుర్రవాడిని చూసి జనం భయపడతారు. 2015లో కెనడా పాతిక వేల మంది సిరియా శరణార్థుల్ని తీసుకుంటామని చెబుతూనే ఒంటరి మగవాళ్ళని పక్కన పెట్టింది, తల్లిదండ్రులతో వచ్చేవాళ్ళకి, స్వలింగ సంపర్కుల్లాంటి వాళ్ళకి మాత్రమే మినహాయింపు. యుద్ధంలో బలవంతంగా సైన్యంలోకి లాక్కెళ్ళేది ముందు అలాంటి మగవాళ్ళనే కదా!

పోనీ ఇంతగా ఆడవాళ్ళనే చూపిస్తున్నారు కదా, హక్కులు కూడా వాళ్ళకే ముందు ఇస్తారా అంటే అదీ లేదు. పాలస్తీనా శరణార్థుల కోసం ఐక్యరాజ్యసమితి 1949లో పెట్టిన సంస్థ లెక్కల్లో శరణార్థి హోదా తండ్రి వైపు నుంచే పిల్లలకి వస్తుంది, శరణార్థి కాని అతన్ని పెళ్ళి చేసుకున్న ఆమె పిల్లలకి ఆ హోదా రాదు. విరాళాలు అడిగేటప్పుడు ఆమె బొమ్మ కావాలి, పిల్లలకి హోదా ఇచ్చేటప్పుడు మాత్రం ఆమె పేరుతో పని జరగదు. ఇది చదివినప్పుడు నాకు చాలా కోపం వచ్చింది.

ఇవన్నీ సంస్థకి మెయిల్ చేశాను. ఫొటోలో ఉన్న ఆమెని అడిగే తీశారా, ఆమె పేరు, ఆమె మాట ఎందుకు వేయరు, ఇంట్లో మగవాళ్ళు ఏం చేస్తున్నారో ఎందుకు రాయరు అని. మీ సూచన సంబంధిత విభాగానికి పంపాం అని జవాబు వచ్చింది, అంతకుమించి ఏమీ లేదు. మళ్ళీ రాశాను. క్యాలెండర్ వద్దని చెబితే పంపడం ఆపేశారు, ఆ పని మాత్రం వెంటనే చేశారు. విరాళం ఆపలేదు, ఆ డబ్బు మందులకీ బడికీ పోతుందని వాళ్ళ వార్షిక నివేదికలో ఉంది. మీరు చేరితే మొదటి నెలే ఈ ప్రశ్నలు మెయిల్ చేయండి, ఒక్కదాన్నే అడిగితే పట్టించుకోవడం లేదు.